మిద్దె మీద మూడు రూములు ఉన్నాయి, షెల్టర్ నుంచి బయటికొచ్చే ఆడోళ్లకి బాడుగకి ఇద్దామనుకుంటున్నా, ఎట్ల మొదలుపెట్టాలి?

పాతూరు_మిద్దె (అనంతపురం)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

మాది అనంతపురం పాతూరు. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది, ఇల్లు నా పేరు మీదికి వచ్చింది. కింద నేను, మా ఆయన, ఇంటర్ చదివే కూతురు ఉంటాం. మిద్దె మీద మూడు రూములు, ఒక బాత్రూము, ముందర రేకుల వసారా. మెట్లు బయటి నుంచే. ఇన్నాళ్లూ స్టూడెంట్లకి ఇచ్చేవాళ్లం, పోయిన వేసవిలో వాళ్లు ఖాళీ చేసినాక మళ్లీ ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. ఎందుకో చెప్తా.

నేను పనిచేసే స్కూల్లో ఒకామె ఆయాగా ఉండేది. ఇరవై ఆరేళ్లు, నాలుగేళ్ల పాప. మొగుడు కొట్టేవాడు, ఒకరోజు చెయ్యి విరిగితే మేమే 181కి, అదే ఆడవాళ్ల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి పంపించినాం. వన్ స్టాప్ సెంటర్లో ఐదు రోజులు, ఆ తర్వాత షెల్టర్ హోమ్‌లో ఏడు నెలలు ఉండింది. అక్కడ బాగానే చూసుకున్నారు, చెయ్యి నయమైంది, పాప మళ్లీ మాట్లాడ్డం మొదలుపెట్టింది. ధైర్యం వచ్చింది బయటికి పోతా అని మళ్లీ మా స్కూల్లోనే చేరింది, జీతం ఏడు వేలు. రూము దొరికేదాకా మా తోటి టీచరమ్మ ఇంట్లో ఉండింది. నేనూ ఆమే రూము కోసం తిరిగినాం. పదకొండు ఇళ్లు చూసినాం. ప్రతి ఇంట్లో మొదటి ప్రశ్న ఒకటే, మీ ఆయన ఏం చేస్తాడమ్మా అని. లేడు అంటే ఒక రకం చూపు, ఉన్నాడు కానీ విడిగా ఉన్నాం అంటే ఇంకో రకం చూపు. ఒకాయన అడ్వాన్సు తీసుకుని, సాయంత్రం ఫోన్ చేసి మా ఇంట్లో ఒప్పుకోలేదమ్మా అని వెనక్కి ఇచ్చేసినాడు. మా మిద్దె మీద అప్పటికి స్టూడెంట్లు ఉన్నారు, రెండు నెలలు ఆగమ్మా పరీక్షలయితే వాళ్లు పోతారు అన్నా. ఆగలేకపోయింది, పరాయి ఇంట్లో ఎన్ని రోజులని ఉంటుంది. పన్నెండో రోజు మొగుని దగ్గరికే పోయింది. పోయే ముందు స్కూల్ గేటు దగ్గర నాతో ఒక మాట అనింది, "కొట్టినా ఆడ ఒక తలుపుండాది కదక్కా".

ఇప్పుడు ఫోన్ ఎత్తదు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆ రూములు ఖాళీగా పెట్టుకుని నేనేం చేసుకుంటా అనిపించింది.

నాకు తెలియాల్సినవి ఇవి. ఇట్ల ఇవ్వాలంటే పర్మిషన్ ఏమన్నా కావాలా? ఎవరి ద్వారా అడగాలి, ఊరికే బోర్డు పెడితే తప్పు కదా? బాడుగ తీసుకోవాలా వద్దా? ఎన్నాళ్లు ఉండనివ్వాలి? ఇంట్లో వయసొచ్చిన పిల్ల ఉంది, ఎవరి మొగుడన్నా తాగొచ్చి గొడవ చేస్తే ఏం చేయాలి? మా ఆయన సరే అన్నాడు, కానీ ముందు తెలిసినోళ్లని అడుగు అన్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

---

రిటైర్డ్_సూపర్‌వైజర్

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివినాను. ముప్పై ఏళ్లు ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలు నడిపే శాఖలో, చేసి దిగిపోయినదాన్ని, మీరు చెప్పిన ఆ పన్నెండు రోజుల సంగతి నాకు బాగా తెలుసు.

ముందు పర్మిషన్ విషయం. మీరు "హోమ్" అనే మాట వాడొద్దు, ఆ పేరుతో ఏమీ పెట్టొద్దు. ఆడవాళ్లని, పిల్లల్ని చేర్చుకుని సంరక్షించే సంస్థ నడపాలంటే లైసెన్సు ఉండాలని 1956 నుంచి చట్టం ఉంది, దానికి తగ్గట్టు రిజిస్టర్లు, సిబ్బంది, తనిఖీలు అన్నీ ఉంటాయి. మీకది అక్కర్లేదు, మీ శక్తికి మించింది కూడా. మీరు చేయాల్సింది మామూలు ఇంటి ఓనరు చేసేదే, ఒక్కో రూము ఒక్కో ఆమెకి ఆమె పేరు మీదనే పదకొండు నెలల అగ్రిమెంట్ రాసి బాడుగకి ఇవ్వండి. ఆమె మీ ఇంట్లో ఆశ్రయం పొందే మనిషి కాదు, బాడుగకుండే మనిషి. ఈ తేడా కాగితం మీదే కాదు, మీ మనసులో కూడా ఉండాలి.

ఇప్పుడు ప్రభుత్వం వైపు ఏముందో చెప్తాను, అప్పుడు మీ రూములు ఎక్కడ సరిపోతాయో అర్థమవుతుంది. 181కి కొడితే లేదా నేరుగా పోతే సఖి వన్ స్టాప్ సెంటర్, 2015లో మొదలైన స్కీము, జిల్లాకొకటి ఉంటుంది. దెబ్బలకి వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్ ఒకేచోట, తలదాచుకోవడానికి ఐదు రోజుల దాకా. ఆ తర్వాత పంపేది షెల్టర్ హోముకి, పాత రోజుల్లో స్వధార్ గృహ అనేవాళ్లం, అక్రమ రవాణా నుంచి బయటపడినవాళ్లకి ఉజ్వల అని విడిగా ఉండేది, 2022లో మిషన్ శక్తి వచ్చినాక రెండూ కలిపి శక్తి సదన్ అన్నారు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకి సఖి నివాస్ అని హాస్టల్ ఉంటుంది, దాంట్లో బాడుగ కూడా జీతంలో ఇంత శాతం మించకూడదని రూలు ఉంది, కానీ అది ఊరూరా ఉండదు. చూడండి, ఐదు రోజులకి ఒక మెట్టు, కొన్ని నెలలకి ఇంకో మెట్టు, ఆ తర్వాత మెట్టు లేకుండా నేల. ఏడు వేల జీతంతో, చంకలో బిడ్డతో ఆ నేల మీదికి దూకమంటున్నాం. మీ మిద్దె ఆ లేని మెట్టు.

ఒక విషయం ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తాను. హోముల్లో డిశ్చార్జి రిజిస్టరు ఉండేది. చివరి గడిలో ఎక్కడికి వెళ్లింది అని రాయాలి. భర్త వద్దకు, తల్లిదండ్రుల వద్దకు, బంధువుల వద్దకు, స్వయం ఉపాధి. నేను తనిఖీకి పోయినప్పుడు ఆ గడి నిండి ఉంటే సంతకం పెట్టేదాన్ని. స్వయం ఉపాధి అని రాసినామె ఏ ఊర్లో ఏ ఇంట్లో పడుకుంటోందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మీరు జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసుకి పోయి, గృహహింస కేసులు చూసే ప్రొటెక్షన్ ఆఫీసర్‌ని, హోము సూపరింటెండెంట్‌ని కలిసి ఇట్ల మూడు రూములున్నాయి అని ఒక కాగితం రాసివ్వండి. వాళ్లు కేసు తెలిసిన మనిషినే పంపిస్తారు, వెనక నుంచి ఒకరు చూసుకుంటూ ఉంటారు. బోర్డు అస్సలు వద్దు. వీధిలో ఎవరడిగినా బాడుగకున్నోళ్లు అనండి, అంతే.

---

గుత్తిరోడ్డు

మేడమ్ మీ మనసు మంచిది, కానీ ఒక మాట చెప్పాలి. మా ఇంటి పక్కన పోర్షన్లో ఇట్లే ఒకామె ఉండేది, అర్ధరాత్రి వాళ్లాయన వచ్చి గేటు ఊపేవాడు, రాళ్లు వేసినాడు ఒకసారి, మా అమ్మ గుండె పేషెంటు, ఆమె భయానికి నిద్రపోయేది కాదు. చివరికి ఓనరు ఆమెనే ఖాళీ చేయించినాడు. నేను ఓనరుని తప్పు పట్టలేను. మీ ఇంట్లో ఆడపిల్ల ఉంది, ఆలోచించండి. సాయం చేయాలంటే డబ్బు రూపంలో చేయొచ్చు కదా?

---

కడప_టైలరక్క

గుత్తిరోడ్డు అన్నా, మీ అమ్మ బాధ నాకు అర్థమైంది, కానీ రాయేసినోడు ఆడే ఉండాడు, ఇల్లు ఖాళీ చేసింది మాత్రం ఆమె. అది ఒక్కసారి చూడండి.

పాతూరక్కా, నేను స్వధార్‌లో పదకొండు నెలలుండినా. అప్పట్లో గృహహింస కేసుకైతే ఏడాది దాకానే ఉండనిచ్చేది. ఏడాది దగ్గర పడేకొద్దీ కడుపులో రాయి పడినట్టుండేది, లోపల నేర్చుకున్న కుట్టుపని ఒక పక్క, బయటికి పోతే యాడుండాలనే దిగులు ఒక పక్క. నా అదృష్టం, ఎర్రముక్కపల్లెలో ఒక ముసలామె ఒక్క రూము ఇచ్చింది. ఆమెకి నా కథ తెలుసు, కానీ రెండేళ్లలో ఒక్కసారి కూడా దాని గురించి అడగలేదు. నీళ్లు ఎన్ని గంటలకొస్తాయి, కరెంటు మీటరు యాడుంది, ఇవే మాట్లాడేది. నేనై నేను చెప్పుకున్నప్పుడు విన్నది. నువ్వు కూడా అట్లే ఉండక్కా.

మొదటి రోజు రాత్రి సంగతి చెప్తా. ఆమె తాళంచెవి నా చేతికిచ్చి కిందికి పోయింది. ఒకటే తాళంచెవి, నీ దగ్గర ఇంకోటుందా అని అడిగినా, లేదమ్మా నీ రూముకి నా దగ్గరెందుకు అనింది. లోపల గడియ పెట్టుకున్నా. మళ్లీ తీసినా. మళ్లీ పెట్టినా. మా అత్తగారింట్లో రూముకి లోపల గడియ పీకేసినారు, హోములో పడుకునేది హాలు, పన్నెండు మంచాలు. నా అంతట నేను గడియ పెట్టుకుని ఎన్నేళ్లయిందో. ఆ రాత్రి నాలుగైదు సార్లు లేచి చెయ్యి పెట్టి చూసినా, ఉందా లేదా అని. కాబట్టి అక్కా నువ్వు సున్నం వేయించకపోయినా పర్వాలేదు, ఫ్యాను పాతదైనా పర్వాలేదు, లోపలి గడియ మాత్రం గట్టిది వేయించు.

ఇంక బాడుగ. ఉచితంగా ఇవ్వొద్దు. నా మాట విను, ఉచితమైతే ఆమె ప్రతి రోజూ నీ మొహం చూసి బతకాల్సి వస్తుంది, నీ అంట్లు తోమిపెడతా అంటుంది, నీకు కోపమొస్తే భయపడుతుంది. మా ముసలామె నా దగ్గర మొదటి రెండు నెలలు తీసుకోలేదు, తర్వాత ఐదు వందలు, మిషను కొన్నాక వెయ్యి, ఏడాది దాటినాక రెండు వేలు. ప్రతి నెలా చిన్న పుస్తకంలో రాసి సంతకం పెట్టి ఇచ్చేది. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. బాడుగ కట్టిన రోజు నేను ఒక ఇంట్లో బాడుగకుంటున్నా అనిపించేది, ఎవరి దయ మీదో కాదు.

రూముతో పాటు కావాల్సినవి నువ్వు అనుకునేవి కావు. మంచం లేకపోయినా చాప మీద పడుకుంటాం. గ్యాసే పెద్ద తిప్పలు, కనెక్షన్ మొగుని పేరు మీద ఉంటుంది. ఐదు కిలోల చిన్న సిలిండరు దొరుకుతుంది, దానికి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, ఆధార్ లాంటిదొకటి చూపిస్తే ఇస్తారు, అది పెట్టించు. రెండోది ఫోను. సిమ్ము, ఆధార్‌కి లింకైన నంబరు మొగునిదే అయి ఉంటుంది, ఏ ఓటీపీ కావాలన్నా వానికే పోతుంది, వాడు అట్లే కనుక్కుంటాడు ఈమె యాడ బ్యాంకుకి పోయింది, యాడ ఆసుపత్రికి పోయింది అని. మొదటి వారంలోనే ఆధార్ సెంటర్‌కి తీసుకపోయి నంబరు మార్పించు. నాకు ఇది తెలీక వాడు ఒకసారి నన్ను పట్టుకున్నాడు, ఆ సంగతి వద్దులే.

మూడోది, రాత్రుళ్లు. పగలంతా బాగానే ఉంటాం. రాత్రి పడుకుంటే అన్నీ గుర్తొస్తాయి. మళ్లీ వాని దగ్గరికే పోదామా అనిపించేది కూడా రాత్రుళ్లే, నిజం చెప్తాండా. ఒకవేళ నీ మిద్దె మీద ఉన్నామె ఒకసారి వెనక్కి పోయి మళ్లీ వచ్చినా తలుపు మూయొద్దక్కా. నేను రెండుసార్లు పోయినా. మూడోసారి పోలేదు.

---

కర్నూల్_లీగల్

నేను కర్నూలులో ప్యారాలీగల్ వాలంటీర్‌ని, కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థలో కూర్చుంటా. టైలరక్క చెప్పినదానికి పైన నేను చెప్పేది ఏమీ లేదు, చట్టం వైపు నాలుగు మాటలు మాత్రం.

గుత్తిరోడ్డు అన్నగారు అడిగిన గొడవ విషయం. గృహహింస చట్టం 2005 కింద సెక్షన్ 18లో రక్షణ ఉత్తర్వు తీసుకోవచ్చు, ఆమె ఉండే చోటికి, పనిచేసే చోటికి, పిల్లల స్కూలుకి రాకూడదని రాసి ఉంటుంది. అది దాటి వస్తే సెక్షన్ 31, ఏడాది దాకా జైలు లేదా 20,000 దాకా జరిమానా లేదా రెండూ. ఆ ఆర్డర్ జిరాక్స్ ఒకటి ఆమె దగ్గర, ఒకటి మీ దగ్గర, ఒకటి మీ ఏరియా స్టేషన్లో ఉంటే రాత్రి 112కి ఫోన్ చేసినప్పుడు పోలీసులు "భార్యాభర్తల గొడవ, మీరే మాట్లాడుకోండి" అనడానికి వీలుండదు. ఆర్డర్ లేనప్పుడు అట్లనే అంటారు, నేను చాలాసార్లు విన్నా. కాబట్టి పాతూరు మేడమ్, ఎవరైనా మీ మిద్దె ఎక్కేలోపే ఈ ఆర్డర్ సంగతి ఏమైంది అని అడగండి. అర్జంటైతే సెక్షన్ 23 కింద అవతలి మనిషి రాకముందే మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. ఫోన్‌లో ఆడవాళ్ల రక్షణకి పోలీసులు పెట్టిన శక్తి యాప్ కూడా వేసి పెట్టుకోమనండి.

రెండో విషయం, చాలామందికి తెలీదు. మొగునిది కర్నూలు, ఈమె అనంతపురంలో మీ మిద్దె మీద ఉంటోంది అనుకోండి, కేసు అనంతపురంలోనే వేయొచ్చు. తాత్కాలికంగా ఉండే ఊర్లో కూడా వేయొచ్చని సెక్షన్ 27లో స్పష్టంగా ఉంది. వాయిదా వాయిదాకీ బస్సెక్కి ఆ ఊరికి పోయి, బస్టాండులో వాళ్ల తమ్ముళ్లని చూసి వణకాల్సిన పని లేదు. మీరిచ్చే అగ్రిమెంట్ ఇక్కడ కూడా పనికొస్తుంది.

మూడోది, బాడుగ డబ్బులు. సెక్షన్ 19లో నివాస ఉత్తర్వులు ఉన్నాయి. మొగుడు ఆమెకి అదే స్థాయి వేరే ఇల్లు చూపించాలి, లేకపోతే ఇంటి బాడుగ కట్టాలి అని మేజిస్ట్రేట్ ఆర్డర్ వేయొచ్చు. మనోవర్తి కేసుల్లో తిండికీ బట్టకీ లెక్క వేస్తారు కానీ బాడుగ అని విడిగా అడగడం మర్చిపోతారు. అడగాలి. మీరు రాసిచ్చే బాడుగ పుస్తకమే రుజువు. టైలరక్క చెప్పిన ఆ చిన్న పుస్తకం చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

ఇంకోటి చెప్పి ఆపుతా. అందరం ఆమె యాడుండాలి అనే మాట్లాడుతున్నాం. అసలు ఆమె ఆ ఇల్లు ఎందుకు వదలాలి? సెక్షన్ 17 ప్రకారం కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉంది, ఆ ఇల్లు మామ పేరు మీద ఉన్నా సరే అని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వాడినే బయటికి పంపమని కూడా అడగొచ్చు. కొందరికి అదే సరైన దారి, ముఖ్యంగా పిల్లలు పెద్ద క్లాసుల్లో ఉన్నప్పుడు. కానీ పక్క గదిలో అత్తామామలు, గుమ్మంలో మరుదులు ఉంటే ఆర్డర్ కాగితం ఒక్కటే కాపాడదు, అందుకే మీలాంటివాళ్ల రూములు కావాలి. రెండు దారులూ ఆమె ముందర పెట్టి ఆమెనే ఎంచుకోమనండి.

లాయరు ఫీజు గురించి భయపడొద్దు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

---

గుత్తిరోడ్డు

టైలరక్కా, మీరన్నది నిజం. ఆ ఆర్డర్ సంగతి అప్పుడు మాకెవరికీ తెలీదు, తెలిసుంటే నేనే స్టేషన్‌కి పోయేవాడిని. ఆమె యాడికి పోయిందో కూడా మేం అడగలేదు. మేడమ్, నేను ఎలక్ట్రిషియన్‌ని, మిద్దె మీద వైరింగ్, మెట్ల దగ్గర లైటు, గేటు దగ్గర కాలింగ్ బెల్లు ఏం కావాలన్నా నేను వచ్చి చేస్తా, సామాను ఖర్చు ఇస్తే చాలు.

---

రాయచోటి_నుంచి

అందరూ మొగుడు కొట్టినోళ్ల గురించే మాట్లాడుతున్నారు, ఇంకో రకం కూడా ఉన్నారక్కా. నేను కువైట్‌లో తొమ్మిదేళ్లు ఇండ్లల్లో పనిచేసినా. పంపిన డబ్బంతా మొగుని అకౌంట్‌కే. తిరిగొచ్చి చూస్తే ఇల్లు కట్టి ఉంది, ఆయన పేరు మీద, లోపల ఇంకొకామె. నన్నెవరూ కొట్టలేదు, కాబట్టి నేనెక్కడికి పోవాలో నాకే అర్థం కాలా. పుట్టింట్లో అన్న భార్య రెండు నెలలు చూసింది, మూడో నెల నా పెట్టె వరండాలో పెట్టింది. మా తట్టు ఇట్లాంటోళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. మీ కాగితంలో గృహహింస బాధితులకి అని మాత్రమే రాయొద్దు దయచేసి.

---

కర్నూల్_లీగల్

రాయచోటి అక్కా, మీది కూడా గృహహింసే. ఆ చట్టంలో కొట్టడం ఒక్కటే లేదు, ఆర్థిక హింస అని సెక్షన్ 3లో విడిగా ఉంది, మీ సంపాదన, మీ ఆస్తి మీకు కాకుండా చేయడం అందులోకే వస్తుంది. డబ్బు పంపిన రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాస్‌పోర్టు మీద స్టాంపులు ఏవి ఉన్నా పారేయకండి. మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వాటితో పోండి.

---

పాతూరు_మిద్దె (అనంతపురం)

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి మా ఆయనకి, కూతురికి ఈ రిప్లైలన్నీ చదివి వినిపించినా. టైలరక్క గడియ గురించి చెప్పింది విని నా కూతురు లేచి పైకి పోయి మూడు రూములకీ చూసొచ్చింది. రెండిటికి గడియలు వదులుగా ఉన్నాయంట, ఒకదానికి అసలు లోపల గడియే లేదు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్నా, నేను ఎప్పుడూ చూడలేదు.

రాయచోటి అక్కా, కాగితంలో "ఒంటరిగా కొత్తగా బతుకు మొదలుపెట్టే ఆడవాళ్లకి" అని మార్చి రాసినా.

సూపర్‌వైజర్ అమ్మా, ఇంకో రెండు అడగాలి. పిల్లలతో వస్తే స్కూలు ఎట్ల? టీసీ మొగుని ఊర్లో ఉండిపోతుంది కదా. మా స్కూల్లోనే చూస్తున్నా, టీసీ లేకుండా మేనేజ్‌మెంట్ వాళ్లు చేర్చుకోరు. ఇంకా ఆమెకి ఏదన్నా పని నేర్పించాలంటే ఎక్కడ?

---

రిటైర్డ్_సూపర్‌వైజర్

టీసీ లేదని ప్రభుత్వ స్కూల్లో చేర్చుకోకుండా ఆపకూడదమ్మా, విద్యాహక్కు చట్టం 2009లోనే ఉంది, టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపడానికి వీల్లేదని. హెడ్మాస్టర్ గారు తటపటాయిస్తే మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఒక ఫోన్ చేయించండి. చిన్నపిల్లలైతే దగ్గర్లో అంగన్‌వాడీలో అదే రోజు చేర్చండి, గుడ్డూ పాలూ కూడా అందుతాయి.

తల్లి ఒంటరిగా పెంచుతున్న పిల్లలకి మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది, నెలకి 4,000 రూపాయలు, పట్టణంలో ఏడాది ఆదాయం 96,000 లోపు, పల్లెలో 72,000 లోపు ఉండాలి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అర్జీ పెట్టాలి. ఏడు వేల జీతమంటే ఏడాదికి 84,000, మీ ఆయా లాంటామెకి సరిపోతుంది. ఆ నాలుగు వేలు వస్తే ఆమె బాడుగ దానంతట అదే గడిచిపోయేది. ఇది అప్పుడు ఎవరూ ఆమెకి చెప్పి ఉండరు.

స్కూలు పిల్లల చదువుకిచ్చే తల్లికి వందనం డబ్బులు తల్లి అకౌంట్లోనే పడతాయి కానీ ఆమె పేరు సచివాలయం మ్యాపింగ్‌లో అత్తగారింట్లోనే ఉంటుంది, బియ్యం కార్డు కూడా అట్లే. కార్డు విడగొట్టించుకోవడానికి చాలా తిరగాలి. ఒక్కదాన్నే పోతే రేపు రా అంటారు, పక్కన మీరుంటే పని కదులుతుంది. నేను అనుభవంతో చెప్తున్నాను, ఈ ఆడవాళ్లకి అన్నిటికన్నా కరువైంది పక్కన నిలబడే మనిషి. బస్సు ఖర్చు కూడా ఇప్పుడు లేదు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఉచితమే కదా, ఆధార్ ఉంటే చాలు.

పని నేర్చుకోవడానికి అనంతపురంలోనే రూడ్‌సెట్ అనే స్వయం ఉపాధి శిక్షణా సంస్థ ఉంది, కుట్టుపని, బ్యూటీషియన్, ఇంకా చాలా కోర్సులు, శిక్షణా ఉచితమే, భోజనమూ వసతీ కూడా వాళ్లవే. చదువు మధ్యలో ఆగిపోయినామె అయితే ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించండి, అంగన్‌వాడీ, ఆసుపత్రి ఆయా పోస్టులకి కూడా పది అడుగుతున్నారు. అయితే తొందరపెట్టొద్దు. వచ్చిన మొదటి నెల ఆమె ఊరికే పడుకున్నా పడుకోనివ్వండి. చాలామందికి ఏళ్ల తరబడి నిద్ర బాకీ ఉంటుంది. నిద్రే పట్టకపోతే, టైలరమ్మ చెప్పిన రాత్రుళ్లు మరీ బరువైతే, 14416 టెలీ మానస్, మనసు బాధలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్, రాత్రయినా తెలుగులోనే మాట్లాడతారు.

ఎన్నాళ్లు అని అడిగినారు కదా. రెండేళ్లు అనుకోండి, ఆర్నెల్లకొకసారి కూర్చుని మాట్లాడుకోండి. కానీ తేదీ చెప్పి భయపెట్టొద్దు.

---

పాతూరు_మిద్దె (అనంతపురం)

అప్డేట్ ఇస్తున్నా. పోయిన వారం ఆఫీసుకి పోయి కాగితం ఇచ్చినా. మేడమ్ కుర్చీలో కూర్చోమని చెప్పి రెండుసార్లు చదివింది. నిన్న సాయంత్రం ఫోన్ వచ్చింది. ఒకామె ఉంది, ముప్పై రెండేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు, ధర్మవరంలో మగ్గం పని చేసేదంట, రక్షణ ఉత్తర్వు వచ్చేసింది, హోములో గడువు నెలాఖరుకి అయిపోతుంది. వచ్చే సోమవారం రూము చూసుకోవడానికి వస్తుంది. నచ్చితేనే అని చెప్పమన్నా. గడియలు మూడూ మార్పించినా, ఇత్తడివి. గుత్తిరోడ్డు తమ్ముడు వచ్చి మెట్ల లైటు, బెల్లు పెట్టిపోయినాడు, కూలి తీసుకోలేదు. బాడుగ పుస్తకం మా కూతురు కొనుక్కొచ్చింది.

ఆ ఆయాకి కూడా మళ్లీ ఫోన్ చేసినా. ఎత్తలేదు. మూడు రూములున్నాయి, గడియలున్నాయి అని వాయిస్ మెసేజ్ పెడదామనుకుని ఆగినా, ఫోను వాని చేతిలో ఉంటే కష్టం. పాప స్కూలుకి వచ్చే దారి నాకు తెలుసు, అక్కడ కనపడితే చెప్తా.

---

కడప_టైలరక్క

అక్కా, స్కూలు దారిలో చెప్పడమే మేలు. మాట మాత్రం చెప్పి వచ్చేయ్, ఎప్పుడొస్తావని అడగొద్దు.

మగ్గం పని తెలిసినామె అయితే కుట్టు తొందరగా వస్తుంది. నా పాత మిషను ఉంది, కాలితో తొక్కేది, బాగానే నడుస్తాది. నేను మోటారుది కొన్నాక మూల పడింది. ఆర్టీసీ కార్గోలో వేసి పంపిస్తా. స్టాండుతో కలిపి మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు. నీ మెట్లు ఎంత వెడల్పుండాయి, మలుపు దగ్గర తిరుగుతుందా?

---

పాతూరు_మిద్దె (అనంతపురం)

ఇప్పుడే టేపు పెట్టి కొలిచినా అక్కా, రెండున్నర అడుగులు. మలుపు దగ్గర స్టాండు విప్పి ఎక్కించాలి. మా ఆయన, గుత్తిరోడ్డు తమ్ముడు పట్టుకుంటారు. ఆదివారం లోపు చేరేటట్టు వేయండి.